పొట్టిచేతులు అనే మాట

యూనిఫారాలు కుట్టే ఆ షెడ్డులో ఒక మాట ఉంది. నిఘంటువులో వెతికితే దొరకదు, పక్క వీధిలో అడిగితే తెలియదు. కొత్తగా చేరినవాళ్ళు వచ్చీ రాగానే పాతవాళ్ళకు పని నేర్పబోయారనుకోండి, ఆడా మగా తేడా లేకుండా వాళ్ళని 'పొట్టిచేతులు' అంటారు. "మన పొట్టిచేతులు వచ్చాడా ఇవాళ?" "ఎక్కువ పొట్టిచేతులు చెయ్యకు, నీ కాజాలు నువ్వు చూసుకో." ఇలాగన్నమాట. ఆ పేరు ఒకసారి పడిందంటే ఏడాది దాకా వదలదు. తట్టుకోలేక మానేసినవాళ్ళు కూడా ఉన్నారు. చాలామంది మాత్రం నోరు మూసుకుని, తల వంచుకుని, మెల్లగా పాతవాళ్ళయిపోయి, తమ వెనక వచ్చినవాళ్ళని అదే మాటతో పొడుస్తూ హాయిగా బతికేస్తున్నారు. లోకం తీరే అంత. ఒక్క ఆ షెడ్డుని అని ఏం లాభం!

ఆ మాట పుట్టించింది పెద్దక్క. కటింగ్ విభాగానికి పెద్ద. యాభై అయిదేళ్ళ మనిషి, అందులో ముప్ఫై నాలుగేళ్ళు ఆ బల్లల మధ్యే గడిచాయి. కుడిచేతి బొటనవేలి మొదట్లో కత్తెర పిడి ఒత్తుకుని కాయ కాసింది. నడుం మీద చెయ్యి వేసుకుని ఆవిడ ఒక్కసారి దగ్గితే ఇరవై కుట్టుమిషన్లు ఆగుతాయి. మనిషి మంచిదే. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ముందు వెళ్ళేది ఆవిడే. కానీ నోరుందే, అది మాత్రం కత్తెర కన్నా పదును. ఆ నోటికి జడిసి యజమాని కూడా కటింగ్ విభాగంలోకి చెప్పులు చప్పుడు కాకుండా వచ్చి వెళతాడు.

అయిదు వారాల కిందట అక్కడ ఒక కొత్తావిడ చేరింది. నలభై ఏళ్ళుంటాయి. అంతకు ముందు వేరే చోట పన్నెండేళ్ళు కత్తెర పట్టింది, ఆ కంపెనీ మూతపడితే ఇక్కడికొచ్చింది. మొదటి రోజే ఆవిడ చేసిన తప్పేమిటంటే, ఒక ప్రశ్న అడిగింది.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. సాగే రకం గుడ్డ మిల్లులో బిగించి చుట్టిన తానుగా వస్తుంది. దాన్ని రాగానే కోయకూడదు. ముందు రోజు సాయంత్రమే తాను విప్పి, బల్ల మీద వదులుగా పరిచి, తెల్లారేదాకా అలా వదిలెయ్యాలి. అప్పుడు గుడ్డ తనంతట తాను దగ్గరకు జరిగి, తన అసలు కొలతకు వస్తుంది. పరచకుండా కోస్తే ఆ జరగడమేదో కోశాక జరుగుతుంది, కుట్టి ఇస్త్రీ చేసేసరికి బట్ట పొట్టిదైపోతుంది. అందుకని సాయంత్రం తాను పరిచినవాళ్ళు బల్ల అంచున నీలం సుద్దముక్కతో ఒక గీత గీసి వెళతారు. పొద్దున్నే ఆ గీత చూసుకుని కోసేవాళ్ళు కత్తెర పెడతారు.

"గీతకి బదులు ఒక కాగితం మీద ఎన్నింటికి పరిచారో రాస్తే పోదా అక్కా? గీత ఎవరైనా ఎప్పుడైనా గీయొచ్చు కదా," అంది కొత్తావిడ.

అంతే. పెద్దక్క మొహం ఎర్రబడింది. "వచ్చి ఇంకా బల్ల మీద చెయ్యి కూడా ఆనించలేదు, అప్పుడే మాకు కాగితాలు నేర్పుతావా? కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా! వచ్చిందర్రా ఇంకో పొట్టిచేతులు!" అంది, షెడ్డంతా వినపడేలా. అందరూ నవ్వారు. కొత్తావిడ కూడా నవ్వబోయి, నవ్వు రాక, సుద్దముక్క తీసుకుని తన బల్ల దగ్గరకు వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆవిడ నోరు విప్పింది లేదు. అడిగిన ఒక్క ప్రశ్నకి అంత కోపమెందుకు వచ్చిందో అక్కడ ఎవరికీ అనుమానం కూడా రాలేదు.

ఇదిలా ఉండగా షెడ్డుకి నలభై ఏళ్ళు నిండుతున్నాయని యజమాని ఒక పుస్తకం వేయించాలనుకున్నాడు. ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయికి ఆ పని అప్పగించాడు. ఆ అమ్మాయిని అందరూ పుస్తకం పిల్ల అనేవారు. ఒక నోటుబుక్కు పట్టుకుని మిషన్ల మధ్య తిరుగుతూ కనపడ్డవాళ్ళందరినీ ప్రశ్నలడిగేది. శనివారం పుస్తకం ప్రెస్సుకి వెళ్ళాలి. సోమవారం పొద్దున్నే ఆ పిల్ల పెద్దక్క బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. పెద్దక్క అప్పుడు సెక్యూరిటీ గార్డుల చలికోట్ల గుడ్డ మీద అట్టముక్కల నమూనాలు పేరుస్తోంది.

"పెద్దక్కా, మన షెడ్డు మాటలని ఒక పేజీ వేస్తున్నాం. పొట్టిచేతులు ఎలా పుట్టిందో మీరే చెప్పాలట. అందరూ మిమ్మల్నే అడగమన్నారు."

పెద్దక్కకి ఆ కథ చెప్పడం కొత్త కాదు. టీ వేళల్లో వందసార్లు చెప్పింది. చేత్తో నమూనాలు సర్దుతూనే మొదలుపెట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఒక కొత్త కటింగ్ మాస్టరు వచ్చాడు. ఏదో సర్టిఫికెట్టు ఉందట, మనుషులు కళ్ళకి ఆనేవారు కాదు. వచ్చిన నాలుగో రోజే, కత్తెర అలా కాదు ఇలా పట్టుకోవాలని పాతవాళ్ళకి చెప్పాడు. బస్సు కండక్టర్లకి మూడు వందల చొక్కాలు కుట్టాలి. తాను పరవాలయ్యా బాబూ అంటే, నాకు తెలుసులే అని పరవకుండానే కోసిపారేశాడు.

"ఇంకేముంది! మూడొందల చొక్కాలకీ చేతులు మణికట్టు దాటి పైకి లేచిపోయాయి. కండక్టర్లు పైన కమ్మీ పట్టుకుంటే మోచెయ్యి బయటికొచ్చేది. నేనే అన్నాను, పొట్టిచేతులు మాస్టరు వచ్చాడర్రోయ్ అని. అదే ఉండిపోయింది. వారం తిరక్కుండా మూట సర్దుకుని పోయాడు."

కాజాలు కుట్టే ఆవిడ ఒకతి ఉంది, రేడియో అంటారు. నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ మిషన్ ఆపి అందుకుంది. "మెడలో టేపు కూడా స్టైలుగా వేసుకునేవాడని చెప్పావుగా అక్కా, అది కూడా రాయించు."

"రాసుకో, రాసుకో," అంది పెద్దక్క. నిజానికి ఆ టేపు సంగతి నాలుగేళ్ళ కిందట ఏదో టీ వేళ తనే కల్పించింది.

పుస్తకం పిల్ల శ్రద్ధగా రాసుకుని, "ఆయన పేరేంటి?" అంది.

"ఏమో! పొగరుబోతుల పేర్లు ఎవరు గుర్తుపెట్టుకుంటారు."

"పరవాలేదక్కా. పాత హాజరు పుస్తకాల్లో వెతుకుతాను. దొరికితే పేరూ ఫొటోతో వేస్తే బావుంటుందన్నారు యజమానిగారు. పుస్తకం మన ఖాతాదారులందరికీ పంచుతున్నాం కదా. బస్సు డిపోకీ, ఆస్పత్రికీ, బడులకీ, అన్నిటికీ."

పెద్దక్క చెయ్యి ఆగింది. పేరూ ఫొటోనా? కథ చెప్పడం వేరు, కాగితం మీద అచ్చు వెయ్యడం వేరు. టీ వేళ చెప్పిన మాట టీతో పాటే దిగిపోతుంది. అచ్చయితే ఊరంతా చదువుతుంది. ఆ పిల్ల ఎప్పుడు వెళ్ళిపోయిందో, బల్ల మీద ఏ ముక్క ఎక్కడ పెట్టిందో ఆ పూట పెద్దక్కకి తెలియలేదు. కోయండి అంది, కోశారు.

అసలు సంగతి ఇప్పుడు చెప్పకపోతే కథ నడవదు కాబట్టి చెప్పేస్తాను. ఆ తాను పరవనిది పెద్దక్కే.

ఆ రోజుల్లో పెద్దక్క కాదు, ఇరవై ఏడేళ్ళ పిల్ల. పెళ్ళయి రెండేళ్ళు. మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇద్దరూ బావగారింట్లో, వంటగదికీ నడవకీ మధ్య ఒక తెర కట్టుకుని కాపురం చేసేవారు. తోడికోడలు మంచినీళ్ళకి లేచినా తెర కదిలేది. అలాంటి రోజుల్లో ఒక గది ఖాళీ అయిందని కబురొచ్చింది. మూడో అంతస్తు, కిటికీ ఉన్న గది. సాయంత్రం ఆరింటిలోగా ముందెవరొస్తే వాళ్ళకే ఇస్తానన్నాడు ఇంటాయన. ఆ సాయంత్రం తాను పరిచే వంతు ఆవిడది. పొద్దున్నే వచ్చి పరుద్దాంలే అనుకుని, తాను విప్పకుండానే పరుగెత్తింది. గది దొరికింది. ఆ సంబరంలో మర్నాడు పొద్దున్న కాస్త ఆలస్యంగా లేచింది.

షెడ్డుకి వెళ్ళేసరికి మాస్టరు అప్పుడే కత్తెర నూనె తుడుస్తున్నాడు. ఆవిడ గబగబా తాను లాగి బల్ల మీద వేసి, ఎవరూ చూడకుండా అంచున నీలం గీత గీసింది. మాస్టరు వచ్చి, గుడ్డ మీద అరచెయ్యి ఆనించి, "నిన్న సాయంత్రమే పరిచారా అక్కా?" అని అడిగాడు. మెల్లగానే అడిగాడు. కానీ చుట్టూ అందరూ ఉన్నారు. పైగా ఆరేళ్ళ నుంచి మాస్టరు నిలబడే ఆ పెద్ద బల్ల తనకే వస్తుందని ఎదురుచూస్తుంటే ఎక్కడినుంచో వచ్చి వీడు దాని ముందు నిలబడ్డాడన్న మంట ఒకటి.

"పరవకుండా ఉంటానా? గీత కనపడ్డం లేదా? నిన్నగాక మొన్నొచ్చి నన్నే అడిగేవాడివయ్యావా!" అంది.

మాస్టరు ఇంకేం మాట్లాడలేదు. కోశాడు. చొక్కాలు తిరిగొచ్చిన రోజు అందరూ అతని మొహం చూశారు. అతను ఆవిడ మొహం చూశాడు. అడిగేస్తాడేమో, చెప్పేస్తాడేమోనని ఆవిడకి భయమేసింది. ఆ భయంలోనే నోటికొచ్చిన మాట విసిరింది. జనం పగలబడి నవ్వారు. నవ్వులో అతని మాట ఎవరికి వినపడుతుంది? ఆడలేక మద్దెల ఓడంటారు. ఈవిడ ఆడకుండానే మద్దెల పగలగొట్టింది.

అప్పటినుంచి కొత్తవాళ్ళు ఎవరు నోరు విప్పినా ఆవిడకి వణుకే. ఆ వణుకు పైకి కనపడకుండా గట్టిగా అరిచేది. ఇంతకీ ఆ మాట అంతకాలం బతకడానికి కారణం ఇదీ.

మంగళవారం పెద్దక్క కాలు కాలిన పిల్లిలా షెడ్డంతా తిరిగింది. ఒకసారి ఆఫీసు గది దాకా వెళ్ళి, తలుపు దగ్గర నిలబడి, మంచినీళ్ళ కోసం వచ్చినట్టు తాగేసి వచ్చింది. బుధవారం మధ్యాహ్నం పుస్తకం పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో అట్టలూడిన హాజరు పుస్తకం.

"దొరికింది పెద్దక్కా! పేరు, వేలిముద్రలాంటి సంతకం, ఫొటో కూడా! చూడండి, చిన్నవాడే పాపం."

ఆ పిల్ల అతని పేరు పైకి చదివింది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ షెడ్డులో ఆ పేరు ఎవరూ పలకలేదు. ఫొటోలో ఒక బక్కపలచటి కుర్రమనిషి, చొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని, భయంభయంగా చూస్తున్నాడు. పొగరు అన్నది ఆ మొహంలో ఎక్కడా లేదు. పెద్దక్క చూడలేక పుస్తకం మూసేసింది.

"ఇంకో సంగతి తెలుసా? ఆయన ఈ ఊళ్ళోనే ఉన్నారు. బస్సు డిపో వెనక సందులో చిన్న రిపేరు కొట్టు. మా మావయ్య ప్యాంట్లు అక్కడే ఇస్తాడు. శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళి ఈ పేజీ చదివి వినిపించి, ఫొటో వేసుకోవచ్చా అని అడిగొస్తాను. సరదాగా తీసుకుంటారంటారా?"

"ఏమో తల్లీ," అంది పెద్దక్క.

ఆ సాయంత్రం గదిలో ఒక చోట కూర్చోలేకపోయింది. అదే మూడో అంతస్తు, అదే కిటికీ. ఇరవై ఎనిమిదేళ్ళుగా మారలేదు. కిటికీ తీసింది, వేసింది. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్ళీ మడతపెట్టింది. మొగుడు మంచం మీద కూర్చుని స్క్రూడ్రైవర్లు తుడుచుకుంటూ చూశాడు.

"ఏమే, ఏంటా తిరుగుడు? మా లిఫ్టు కూడా ఇన్ని సార్లు ఎక్కి దిగదు."

"మీకన్నీ ఎగతాళే."

"సరే, ఎగతాళి మానేస్తాను. చెప్పు."

"ఏమండీ, ఈ గదికి మనం ఆ రోజు ఆరింటికి రాకపోయి ఉంటే ఏమయ్యేది?"

"ఏమవుతుంది, ఇంకో గది వెతుక్కునేవాళ్ళం. ఊళ్ళో గదులే కరువా? ఆ పై నెలలోనే కింది అంతస్తులో రెండు ఖాళీ అయ్యాయిగా, గుర్తు లేదా?"

పెద్దక్క అక్కడే నేల మీద కూలబడింది. గుర్తుంది. ఎందుకు గుర్తులేదు! ఇన్నాళ్ళూ గుర్తు చేసుకోలేదు, అంతే. చేసిన పని మొత్తం మొగుడికి చెప్పేసింది. ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టేశాడు. ఎప్పుడూ ఏదో ఒక జోకు వేసే మనిషి ఈసారి వెయ్యకపోయేసరికి ఆవిడకి ఇంకా భయమేసింది.

"ఆ పిల్ల వెళ్ళి చదివి వినిపించేలోగా నువ్వు వెళ్ళు," అన్నాడు చివరికి. "నేను రాను. నేను పక్కనుంటే నువ్వు సగమే చెబుతావు."

గురువారం పెద్దక్క మధ్యాహ్నం నుంచి సెలవు అడిగింది. యజమాని ఆవిడకి ఒంట్లో బాగోలేదేమోనని కంగారుపడ్డాడు. బస్సు డిపో వెనక సందులో మెట్ల కింద ఉంది కొట్టు. ఒక మిషను, ఒక బల్ల, గోడకి తగిలించిన జిప్పుల దండ. ఇద్దరు ఆడవాళ్ళు సంచులు పట్టుకుని నిలబడ్డారు. లోపల మనిషి నెత్తి మీద జుట్టు పల్చబడింది, కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. తలెత్తి చూడగానే గుర్తుపట్టాడు.

"రండక్కా," అన్నాడు. "కూర్చోండి. వీళ్ళవి ఇచ్చేస్తాను."

స్టూలు మీద కూర్చుంది. ఒక జిప్పు అయ్యేదాకా, ఇంకో ప్యాంటు అంచు మడిచేదాకా అక్కడే కూర్చోవాల్సొచ్చింది. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ ఆ పావుగంటలో ఎటో పోయాయి. ఆడవాళ్ళు వెళ్ళగానే ఒక్కసారిగా అనేసింది.

"మాస్టరూ, ఆ రోజు తాను నేను పరవలేదు. పొద్దున్నే వచ్చి గీత గీశాను. పరిచానని నీకు అబద్ధం చెప్పాను."

ఆయన దారం కొరికి, సూది దిండుకి గుచ్చాడు. "తెలుసక్కా."

"ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే. చెయ్యి పెట్టగానే. గుడ్డ బిర్రుగా ఉంది. గీత మీద సుద్దపొడి కూడా ఇంకా రాలుతోంది."

పెద్దక్కకి అర్థం కాలేదు. "తెలిస్తే మరి ఎందుకు కోశావయ్యా?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "అంతకు ముందు వారం కత్తెర గురించి ఏదో అన్నాను, మీరందరూ పొగరుబోతన్నారు. నిజంగా నాకు పొగరేం లేదక్కా. మా మాస్టరు నాకు నేర్పినట్టే చెప్పాను. ఆ రాత్రి మా అమ్మతో చెప్పుకుంటే, కొత్త చోట నోరెత్తకురా, నలుగురూ ఏమంటే అదే అను, అంది. మర్నాటినుంచి అలాగే ఉందామనుకున్నాను. మీరు అందరి ముందూ పరిచానన్నారు. పరవలేదు అంటే మీ పరువు పోతుంది, నన్ను మళ్ళీ పొగరనుకుంటారు. ఒక పూట ఆపుదాం అనడానికి కూడా ధైర్యం చాల్లేదు. దేవుడా, ఎంతో కొంత సరిపోతే బావుణ్ణు అనుకుని కోసేశాను."

సందులో బస్సు ఒకటి వెనక్కి తిప్పుతూ హారన్ కొట్టింది. పెద్దక్కకి ఏడుపొచ్చింది. నోరెత్తినందుకు కాదు, నోరు మూసుకున్నందుకు ఆ మనిషికి పొట్టిచేతులని పేరు పడింది. ఆ పేరుతో తను ఇరవై ఎనిమిదేళ్ళు కొత్తవాళ్ళందరి నోళ్ళూ మూయించింది.

"నా మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు!" అన్నాడాయన, గొంతు పెంచి. "మీ దగ్గర మానేశాక మూడు చోట్లకి వెళ్ళాను. నాకన్నా ముందే ఆ మాట వెళ్ళి కూర్చునేది. పొట్టిచేతులంటే నువ్వేనా అనేవాళ్ళు. నాలుగో చోటికి వెళ్ళలేక ఈ మెట్ల కింద చేరాను. ఇంకొకరి కింద పని చెయ్యాలంటే ఇప్పటికీ చెమటలు పడతాయి. మీరు ఎప్పుడో ఒకప్పుడు వస్తారని చాలా ఏళ్ళు చూశాను. తర్వాత చూడ్డం మానేశాను."

పెద్దక్క పుస్తకం సంగతి, ఫొటో సంగతి చెప్పింది. రేపు ఆఫీసు అమ్మాయి వస్తుందనీ, తను వద్దని చెబుతాననీ అంది. చేతులు జోడించింది. ఆయన ఆ చేతుల వంక చూసి మొహం తిప్పుకున్నాడు.

"లేవండక్కా. నా దగ్గరకొచ్చి చెప్పడంలో ఏముంది? నాకు తెలిసిందేగా. తెలియనివాళ్ళకి చెప్పండి." అని మిషన్ చక్రం మీద చెయ్యి వేశాడు. "నాకు పని ఉంది. సాయంత్రానికి ఆరు ప్యాంట్లు ఇవ్వాలి."

టీ ఇవ్వలేదు, మళ్ళీ రమ్మనలేదు. నిజం చెబితే మనసు తేలికవుతుందంటారు గానీ, తిరిగొచ్చేటప్పుడు పెద్దక్కకి అది ఇంకా బరువెక్కింది.

శుక్రవారం పదిన్నర టీకి మిషన్లు ఆగాయి. పెద్దక్క నడుం మీద చెయ్యి వేసుకోలేదు, దగ్గలేదు. పెద్ద బల్ల దగ్గర నిలబడి, "ఒక్క నిమిషం అందరూ ఇలా రండర్రా," అంది. పుస్తకం పిల్లని కూడా ఆఫీసులోంచి పిలిపించింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్ళని చూసి ఇన్నేళ్ళూ నవ్విందావిడ. ఇవాళ ఎవరూ అడక్కుండానే తడుముకోవాలి. గది సంగతి, గీత సంగతి, పెద్ద బల్ల తనకి రాలేదన్న కుళ్ళు, నిన్న మెట్ల కింద విన్నది, ఏదీ దాచకుండా చెప్పింది.

"పొగరు అతనిది కాదు. నాది," అంది. "అతను నా పరువు పోతుందేమోనని నోరు మూసుకున్నాడు. నేను అతని బతుకు తీశాను."

ఇస్త్రీ చేసే పెద్దాయన, ఆవిడతో పాటే చేరినవాడు, టీ గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆ చొక్కాలు ఇస్త్రీ చేసింది ఆయనే. అందరికన్నా గట్టిగా నవ్వింది కూడా ఆయనే. రేడియో మాత్రం, "పోనిద్దూ అక్కా, ఎప్పటి సంగతో," అంది.

"పోనివ్వడానికి వీల్లేదు," అంది పెద్దక్క. పుస్తకం పిల్ల వైపు తిరిగి, "ఆ పేరూ ఆ ఫొటో తీసెయ్యమ్మా. నా పేరు రాయి. నేనిప్పుడు చెప్పింది చెప్పినట్టు రాయి."

"ఫొటో కూడా మీదే వెయ్యమంటారా?" అని అడిగింది ఆ పిల్ల, బిక్కమొహంతో.

"వెయ్యి. జుట్టు నల్లగా ఉన్నప్పటిది ఉంటే చూడు. ఆ పని చేసినప్పుడు నల్లగానే ఉండేది."

ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరూ మిషన్ల దగ్గరకు జరిగారు. పెద్దక్క కత్తెర అందుకుంది గానీ కోయకుండానే మళ్ళీ పెట్టేసింది. తల తిప్పితే పక్కన కొత్తావిడ నిలబడి ఉంది. అయిదు వారాల్లో తనంతట తాను పెద్దక్క బల్ల దగ్గరకు రావడం అదే మొదలు.

"అక్కా, ఒక మాట చెప్పనా? ఏమీ అనుకోరుగా?"

"చెప్పు."

"గార్డుల కోట్ల గుడ్డకి నూగుంది కదా. చెయ్యి పైనుంచి కిందికి రాస్తే నున్నగా ఉంటుంది, కిందినుంచి పైకి రాస్తే గరుకు. అన్ని ముక్కలూ ఒకవైపే చూడాలి. సోమవారం మీరు పెట్టిన కాలరు ముక్క తలకిందులుగా ఉందక్కా. కుట్టాక కాలరు ఒక రంగు, కోటు ఒక రంగు కనపడతాయి."

పెద్దక్క ఒక కాలరు ముక్క తీసి కోటు ముక్క పక్కన పెట్టింది. కిటికీ వెలుగులో రెండూ చూసింది. నిజమే. ముప్ఫై నాలుగేళ్ళలో అలాంటి తప్పు చెయ్యలేదు.

"సోమవారమే చూశావా?"

"పెట్టినప్పుడే చూశానక్కా."

"ఎన్ని కోశాం ఇప్పటికి?"

"రెండు వందల పది."

"మరి సోమవారం చెప్పలేదేం?"

కొత్తావిడ తలొంచుకుని నిలబడింది. ఆ సమాధానం అక్కడ ఉన్నవాళ్ళందరికీ తెలుసు, అందరికన్నా ఎక్కువ పెద్దక్కకే తెలుసు. పెద్దక్క స్టూలు ఒకటి లాగి ఆవిడ ముందు పెట్టింది.

"కూర్చో తల్లీ," అంది. "ఈ అయిదు వారాల్లో ఇంకా ఏమేం చూశావో అన్నీ చెప్పు."

కొత్తావిడ ఒకసారి అందరి వంకా చూసింది. తర్వాత కూర్చుని, చిటికెన వేలు మడిచి మొదలుపెట్టింది. రెండో చేతి వేళ్ళు కూడా అవసరమయ్యాయి.